మైళ్ళ కొద్దీ టేపు, ఒక్క తోస్కా

సంగీతం గురించి మాట్లాడే అర్హత నాకు లేదని ముందే ఒప్పేసుకుంటున్నాను. మోహనకీ హిందోళానికీ తేడా చెప్పమంటే పక్కవాళ్ళ మొహంకేసి చూసే రకం నేను. అలాంటివాణ్ణి ఒక ఇటాలియన్ ఒపెరా గురించి, అదీ 1953 నాటి మోనో రికార్డింగు గురించి రాయడానికి కూర్చున్నానంటే దానికో కారణం ఉంది. ఆ కారణం పేరు 'రీరైట్'. మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి ఆ మాట వినగానే ఎక్కడో చురుక్కుమంటుందని నాకు తెలుసు.

2007లో నేను న్యూజెర్సీలో ఆన్‌సైట్‌లో ఉన్నాను. అక్కడ క్లయింటు దగ్గర పన్నెండేళ్ళ నాటి పాత సిస్టమ్ ఒకటి ఉండేది. చూడ్డానికి వికారంగా ఉండేది, పని మాత్రం చేసేది. "ఇదంతా చెత్త, పక్కన పారేసి కొత్త టెక్నాలజీలో మొదట్నించీ రాద్దాం" అని మీటింగుల్లో గొంతు చించుకున్నవాళ్ళలో నేనే ముందున్నాను. సరే అన్నారు. రెండేళ్ళు రాశాం. తీరా ఇచ్చాక యూజర్లు నాలుగు వారాలు వాడి, "ఆ పాతదే ఇప్పించండి బాబూ" అన్నారు! ఆ రోజుల్లోనే ఒక శనివారం, బుర్ర పనిచెయ్యక ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీకి వెళితే సీడీల అరలో 'తోస్కా' అన్న పేరు మీద రెండు సెట్లు పక్కపక్కనే కనబడ్డాయి. రెంటిమీదా గాయని ఒక్కరే, మరియా కలాస్. ఒకటి 1953 మోనో, రెండోది 1964 స్టీరియో. ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది? కొత్త వెర్షన్ ఉండగా పాతది ఎందుకని స్టీరియో తెచ్చుకున్నాను. పక్క వారం ఆత్రం ఆగక పాతది కూడా తెచ్చుకున్నాను. ఆ పాతదాన్ని ఇప్పటిదాకా వింటూనే ఉన్నాను. కొత్తది రెండో రోజే తిరిగిచ్చేశాను.

ఎందుకిలా జరిగింది? ఈ ప్రశ్న నన్ను చాలా కాలం వదల్లేదు.

ముందు కథ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, తెలిసినవాళ్ళు ఈ పేరా దాటెయ్యొచ్చు. 1800 జూన్, రోమ్ నగరం, నెపోలియన్ యుద్ధాల కాలం. తోస్కా పేరున్న గాయని. ఆమె ప్రియుడు కావరదోస్సి చిత్రకారుడు, జైలు నుంచి పారిపోయి వచ్చిన ఒక రాజకీయ ఖైదీని దాస్తాడు. పోలీసు పెద్ద స్కార్పియా అతన్ని పట్టుకుని పక్కగదిలో చిత్రహింసలు పెట్టిస్తూ, ఆ కేకలు తోస్కాకి వినబడేలా చేస్తాడు. ఆమె తనకి లొంగితే ప్రియుణ్ణి ఉత్తుత్తి తుపాకులతో కాల్పించి వదిలేస్తానంటాడు. ఆమె ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, అతను అనుమతిపత్రం రాయడం పూర్తికాగానే బల్లమీది కత్తితో వాణ్ణి పొడిచేస్తుంది. తెల్లవారి చూస్తే తుపాకులు ఉత్తుత్తివి కావు. చచ్చినవాడు కూడా మోసం చేశాడన్నమాట. ఆమె కోట మీంచి దూకేస్తుంది. సార్డూ అనే ఫ్రెంచి రచయిత 1887లో రాసిన నాటకం దీనికి ఆధారం. పుచ్చీని సంగీతం కట్టాడు. మొదటి ప్రదర్శన 1900 జనవరి 14న, రోమ్‌లోనే. పుచ్చీని ఎంత చాదస్తుడంటే, మూడో అంకంలో తెల్లవారుజామున మోగే చర్చి గంటల కోసం రోమ్‌లో కోట ఎక్కి అసలు గంటలు విన్నాడు, సెయింట్ పీటర్స్ పెద్ద గంట ఏ స్వరంలో మోగుతుందో వాకబు చేసి మరీ రాసుకున్నాడు. రిక్వైర్‌మెంట్స్ సేకరణ అంటే అదీ!

ఇప్పుడు అసలు సంగతికొద్దాం.

రికార్డింగు ప్రపంచంలో 1953 ఒక సంధికాలం. అంతకుముందు అరవై ఏళ్ళుగా రికార్డు అంటే ఒక పక్కకి మూడు నుంచి ఐదు నిమిషాలు. మన పద్యనాటకాల ప్లేట్లు ఇళ్ళలో ఉన్నవాళ్ళకి తెలుసు, రాగం తీసి తీసి అసలు రుచి అందేలోపు సూది లోపలి అంచుకి వచ్చేసేది. మన దగ్గర కుక్కబొమ్మ ప్లేట్లు అమ్మిన కంపెనీ, ఈ తోస్కాని తీసిన కంపెనీ ఒకే కుటుంబం. ఈ.ఎం.ఐ. 1931లో గ్రామఫోన్ కంపెనీ, కొలంబియా కలిసి అది ఏర్పడింది. రెండు గంటలకి కాస్త తక్కువగా ఉండే తోస్కా లాంటి ఒపెరాని ఆ పద్ధతిలో తియ్యాలంటే పాతిక ముప్ఫై ముక్కలుగా కొయ్యాలి. పైగా మైనం ప్లేటు మీద నేరుగా గీత పడుతుంది. నాలుగో నిమిషంలో ఎవరో దగ్గితే మొత్తం మళ్ళీ మొదటికి. అన్‌డూ లేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మాగ్నెటిక్ టేపు వచ్చింది, 1948లో అమెరికాలో ఎల్పీ వచ్చింది. ఈ.ఎం.ఐ. వాళ్ళు మాత్రం చాలా కాలం నాన్చి 1952లో గానీ ఎల్పీలు మొదలుపెట్టలేదు. అంటే 1953 నాటికి చేతిలో కొత్త పనిముట్లు రెండు ఉన్నాయి. టేపు ఉంది కాబట్టి ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు, నచ్చిన ముక్కల్ని బ్లేడుతో కోసి అతికించుకోవచ్చు. ఎల్పీ ఉంది కాబట్టి ఒక అంకాన్ని చిన్నచిన్న ముక్కలు చెయ్యక్కర్లేదు. లేనిదల్లా స్టీరియో. ఇందులో ఒక తమాషా ఉంది. స్టీరియోకి 1931లోనే పేటెంటుకి దరఖాస్తు పెట్టినవాడు అలన్ బ్లమ్లీన్, ఆయన ఈ.ఎం.ఐ. ఇంజనీరే! ఆయన 1942లో రాడార్ పరీక్షలు చేస్తూ విమానప్రమాదంలో పోయాడు. ఆ ఆలోచన కంపెనీ అలమారలోనే ఉండగా, ఇరవై రెండేళ్ళ తర్వాత అదే కంపెనీ తన అతి గొప్ప ఒపెరాని ఒకే చానెల్లో తీసింది. పెద్ద కంపెనీల్లో పనిచేసినవాళ్ళెవరికీ ఇది ఆశ్చర్యంగా ఉండదనుకుంటాను.

రికార్డింగు జరిగింది మిలాన్‌లోని లా స్కాలా ఒపెరా హౌస్‌లో, 1953 ఆగస్టు 10 నుంచి 21 వరకు. సరిగ్గా పదేళ్ళ ముందు, 1943 ఆగస్టులో, అదే భవనం మీద బాంబులు పడ్డాయి, పైకప్పు కూలిపోయింది. మళ్ళీ కట్టుకుని 1946 మేలో టోస్కనీని చేత తెరిపించుకున్నారు. ఆ గోడల మధ్య ఐదుగురు మనుషులు చేరారు. నిర్మాత వాల్టర్ లెగ్, లండన్ నుంచి వచ్చిన ఇంగ్లీషువాడు. రికార్డు అనేది స్టేజి ప్రదర్శనకి నకలు కాకూడదు, దానికంటే మెరుగ్గా ఉండాలి అని పట్టుదలగల మనిషి. ఆయనతో పనిచెయ్యడం సుఖం కాదని అందరూ చెప్పినవాళ్ళే. కలాస్‌కి అప్పటికి 29 ఏళ్ళు, కంపెనీతో ఒప్పందం కుదిరి ఏడాదే అయింది. పదకొండేళ్ళ క్రితమే ఏథెన్స్‌లో, యుద్ధకాలంలో, ఇంకా ఇరవై నిండకుండానే ఈ పాత్ర వేసిన అనుభవం ఉంది. కావరదోస్సిగా జుసెప్పె ది స్తెఫానో, 32 ఏళ్ళు. స్కార్పియాగా తీతో గొబ్బి, 39 ఏళ్ళు (మన సంక్రాంతి గొబ్బికీ ఈయనకీ ఏ సంబంధమూ లేదు). వీళ్ళందరి మీదా కండక్టరు విక్టర్ దె సాబాతా, 61 ఏళ్ళు. స్వతహాగా స్వరకర్త, జ్ఞాపకశక్తికి పేరుపొందినవాడు. 1930ల నుంచీ లా స్కాలాలో ఆయన మాటకి తిరుగులేదు.

అక్కడ ఏం జరిగిందో లెగ్ తర్వాత రాసుకున్నాడు. గొబ్బి చేత మొదటి అంకంలో అతని భాగమంతా ముప్ఫైసార్లు పాడించారట. ఒక్కో అక్షరం మీద విరుపు, రంగు మారుస్తూ, దె సాబాతా తృప్తిపడేదాకా. మన ఊళ్ళలో పద్యం బావుంటే జనం 'వన్స్‌మోర్' అని అరిచేవాళ్ళు. ఇక్కడ వన్స్‌మోర్ అంటే ఇంకా బాగాలేదని అర్థం! మొదటి అంకం చివర చర్చిలో స్తోత్రం జరిగే ఘట్టం ఒకటుంది. కోరస్, ఆర్గన్, గంటలు, ఫిరంగులు, వాటన్నిటి మీదా స్కార్పియా తన దుర్బుద్ధిని పైకి చెప్పుకోవడం. ఆ ఒక్క ఘట్టానికే రెండు సెషన్లలో ఎక్కువ భాగం పోయింది. మల్టీట్రాక్ లేని రోజులు, గుర్తుంచుకోండి. గంట కాస్త ఎక్కువ మోగితే తర్వాత తగ్గించే వీల్లేదు. బ్యాలెన్స్ అంతా అక్కడికక్కడే, మనుషుల్ని ముందుకీ వెనక్కీ జరుపుకుని కుదుర్చుకోవాల్సిందే.

నాకు బాగా పట్టేసింది ఇంకో వివరం. స్కార్పియాని పొడిచాక, శవం ముందు నిలబడి తోస్కా ఒక వాక్యం అంటుంది. దాదాపు ఒకే స్వరం మీద, కింది స్థాయిలో. పాట అనాలో మాట అనాలో కూడా తెలీదు. అందులో పై స్వరాల విన్యాసం ఏమీ లేదు, చూపించుకోవడానికేం లేదు. ఆ ఒక్క వాక్యం మీద దె సాబాతా కలాస్‌తో అరగంట పనిచేశాడని లెగ్ రాశాడు. ఇప్పుడు వింటే ఆ అరగంట ఎక్కడా కనబడదు. ఒక ఆడమనిషి తను చేసిన పనిని తనే నమ్మలేకపోతూ నోటికొచ్చిన మాట అన్నట్టుంటుంది, అంతే.

ఇక మోనో సంగతి. రెండో అంకంలో స్కార్పియా గదిలో ప్రశ్నలు వేస్తుంటే కిటికీలోంచి కింద జరుగుతున్న కచేరీ వినబడుతుంటుంది, అందులో తోస్కా గొంతు. విసుగొచ్చి స్కార్పియా కిటికీ మూసేస్తాడు, పాట తెగిపోతుంది. తర్వాత పక్కగదిలోంచి చిత్రహింసల కేకలు. స్టీరియోలో అయితే ఎడమ, కుడి అని సర్దెయ్యొచ్చు. ఇక్కడ ఉన్నది ఒకటే స్పీకరు, అందులో దూరం, దగ్గర మాత్రమే చూపించగలరు. చూపించారు. హెడ్‌ఫోన్స్‌తో అర్ధరాత్రి వింటే గదికి తలుపులు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. అలాగని అంతా అద్భుతమని అబద్ధం చెప్పను. నేను పైన చెప్పిన చర్చి ఘట్టంలో శబ్దం పోటెత్తినప్పుడు ఇరుకు తెలుస్తుంది, పెద్ద కుటుంబాన్ని చిన్న ఆటోలో కుక్కినట్టు ఉంటుంది. అక్కడ స్టీరియో లేని లోటు లోటే.

పన్నెండు రోజులూ అయ్యేసరికి మైళ్ళ కొద్దీ టేపు పోగైంది. ఏ టేక్‌లో ఏ ముక్క తీసుకోవాలో తేల్చడానికి కొన్ని రోజులు నాతో కూర్చోవాలి అని లెగ్ అడిగితే, దె సాబాతా రానన్నాడట. సానపట్టని రత్నాల పెట్టె నీ చేతికిస్తున్నాను, పుచ్చీనికీ నా శ్రమకీ తగ్గ కిరీటం చేసే పని నీదే అన్న అర్థంలో జవాబు చెప్పాడని లెగ్ రాసుకున్నాడు. ముప్ఫైసార్లు పాడించిన మనిషి, అక్షరం అక్షరానికీ ప్రాణం తీసిన మనిషి, చివరి కోత మాత్రం ఇంకొకరి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నా కోడ్‌లో వేరేవాడు ఒక వేరియబుల్ పేరు మారిస్తే ఆ సాయంత్రం కాఫీ కూడా సయించని నాకు ఇది మొదట్లో అర్థం కాలేదు.

ఇక్కడే ఒక పాత తగాదా ఉంది. ముక్కలు అతికించిన దాన్ని ప్రదర్శన అనొచ్చా? ఆ తోస్కా ఏ రోజూ ఏ సాయంత్రమూ అలా మొదట్నించీ చివరిదాకా జరగలేదు కదా, మరి అది అబద్ధం కాదా? నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. టేపు అనేది తప్పులు దాచడానికీ పనికొస్తుంది, ఒప్పు ఏమిటో వెతకడానికీ పనికొస్తుంది. గొబ్బి ముప్ఫైసార్లు పాడింది శ్రుతి తప్పి కాదు. ఒక దుర్మార్గుడు గుడిలో మర్యాదగా మాట్లాడితే ఎలా ఉంటుందో దొరికేదాకా పాడాడు. వెతికినవాళ్ళు వాళ్ళు, టేపు ఓపిగ్గా తిరిగింది.

ఆ తర్వాతి కథ క్లుప్తంగా చెప్తాను, చెప్పడానికి అంత హాయిగా ఉండదు కూడా. ఆ ఏడాదే దె సాబాతాకి గుండెపోటు వచ్చింది. 1954 జూన్‌లో లెగ్‌తోనే వెర్డీ 'రిక్వియెమ్' ఒకటి రికార్డు చేశాడు. ఆపైన దాదాపు కండక్టింగే మానేశాడు. 1957లో టోస్కనీని అంత్యక్రియలప్పుడు ఒక్కసారి మళ్ళీ ఆర్కెస్ట్రా ముందు నిలబడ్డాడు. 1967 డిసెంబరులో పోయాడు. ఆయన స్టూడియో పద్ధతిలో పూర్తిగా రికార్డు చేసిన ఒపెరా మొత్తం జీవితంలో ఇదొక్కటే. ఆ ఆగస్టులో అక్కడున్న ఎవరికీ ఆ విషయం తెలీదు. తెలిసుంటే బహుశా ఇంకా జాగ్రత్తపడి పాడుచేసేవాళ్ళేమో.

1958లో స్టీరియో ఎల్పీలు బజార్లోకి వచ్చాయి. మోనో క్యాటలాగు అంతా ఒక్కసారిగా పాతబడిపోయింది. మళ్ళీ తియ్యాలి అన్నారు. 1962లో డెక్కా వాళ్ళు వియన్నాలో కరాయన్ చేత తోస్కా తీశారు, ప్రియుడి పాత్రకి మళ్ళీ మన ది స్తెఫానోనే. అప్పుడు జరిగిన సంగతి ఆ రికార్డు నిర్మాత జాన్ కల్షా రాశాడు. మూడో అంకంలో తోస్కా ప్రవేశించే చోట లయ సాగుతూ తగ్గుతూ చాలా కష్టంగా ఉంటుంది. కరాయన్ విరామంలో దె సాబాతా రికార్డు తెప్పించుకుని అదే చోటు మళ్ళీమళ్ళీ విని, ఆయన చేసిందే సరైనది, కానీ నాకు రాదు, అది ఆయన రహస్యం అన్నట్టుగా తేల్చేశాడట. కరాయన్ అహంకారానికి పేరుమోసినవాడు. అలాంటివాడు, ఎవరూ బలవంతపెట్టకుండా, పోటీ కంపెనీ రికార్డు ముందు ఆ మాట అన్నాడు. ఈ రికార్డుకి ఇంతకన్నా పెద్ద బిరుదు నాకు తెలీదు.

1964 డిసెంబరులో ఈ.ఎం.ఐ. సొంత రీరైట్ మొదలైంది. పారిస్‌లో, స్టీరియోలో. కలాస్ ఉంది, గొబ్బి ఉన్నాడు. ప్రియుడిగా కార్లో బెర్గోంజి, నిజానికి పద్ధతిగా పాడడంలో ది స్తెఫానో కన్నా ఒక మెట్టు పైనే. కండక్టరు జార్జ్ ప్రెత్ర్, సమర్థుడు. దె సాబాతా లేడు. లెగ్ అప్పటికే కంపెనీ వదిలేశాడు. కలాస్‌కి 41 ఏళ్ళు, పైస్థాయిలో గొంతు వణుకుతోంది. మూడో అంకంలో కత్తితో పొడిచిన వైనం చెబుతూ ఆమె ఒక్కసారి హై సీ అందుకోవాలి. 1953లో అది కత్తిలాగే ఉంటుంది, 1964లో ఆ కత్తి పట్టుకున్న చెయ్యి వణికినట్టు ఉంటుంది. కొందరికి ఆ వణుకే నచ్చుతుంది, పాత్రకి దగ్గరగా ఉందంటారు. వాళ్ళతో నాకు తగువు లేదు. 1965 జులై 5న లండన్‌లో ఆమె ఆఖరిసారి స్టేజి ఒపెరా పాడింది, అదీ తోస్కాయే. 1977లో పారిస్‌లో, 53 ఏళ్ళకే పోయింది.

ఇదంతా చదివి "అంటే పాతదే మంచిదంటావా?" అని అడగొచ్చు మీరు. అనను. 1953లో టేపు కొత్త, ఎల్పీ కొత్త. వాళ్ళేం పాత పద్ధతి పట్టుకు వేలాడలేదు. చేతికొచ్చిన కొత్త పనిముట్టుతో ఏం చెయ్యొచ్చో చివరంటా చేసి చూశారు. 1964లో జరిగిందేమిటంటే, పనిముట్టు మెరుగైంది, వెతుకులాట లేదు. అలా తియ్యాలని ఎవరికీ ప్రాణం మీదకి రాలేదు. స్టీరియో కావాలని అమ్మకాలవాళ్ళకి ఉంది, అంతే. మేం న్యూజెర్సీలో చేసింది కూడా సరిగ్గా అదే. పాత సిస్టమ్‌లో వికారంగా కనిపించిన ప్రతి వంకరా ఎప్పుడో ఎవరో యూజరు పక్కన కూర్చుని అరగంట కష్టపడిన గుర్తు. మేం దాన్ని చెత్త అని తుడిచేశాం, ఎందుకు వంకరగా ఉందని అడగలేదు. ఆ పాత కోడ్ రాసినాయన అప్పటికి రిటైరైపోయి, మేమున్న ఊళ్ళోనే ఉండేవాడు. ఒక్క ఫోన్ చెయ్యలేదు. కరాయన్ లాంటివాడే ఆగి, ముందువాడు ఏం చేశాడో విన్నాడు. మాకు ఆ పాటి తీరిక లేకపోయింది.

వినాలనుకునేవాళ్ళకి ఒక మాట. ఐరోపాలో ఈ రికార్డు మీద అప్పటి 50 ఏళ్ళ హక్కు 2003తో తీరిపోయింది, మన దేశంలో 60 ఏళ్ళ హక్కు 2013తో తీరిపోయింది. కాబట్టి నాక్సోస్‌తో సహా రకరకాల వాళ్ళ ప్రతులు దొరుకుతాయి. ఈ.ఎం.ఐ. క్లాసికల్ క్యాటలాగు 2013లో వార్నర్ చేతికి వెళ్ళింది. వాళ్ళు 2014లో అసలు టేపుల నుంచి మళ్ళీ శుభ్రం చేసి కలాస్ స్టూడియో రికార్డులన్నీ తెచ్చారు. నేను రెండూ విన్నాను. బుస్సుమనే టేపు చప్పుడు కొంచెం మిగిల్చినవే నాకు నచ్చుతాయి. అదెక్కువ తుడిస్తే ఆ హాలు గాలి కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

మొత్తం ఒకేసారి వినక్కర్లేదు. రెండో అంకం చాలు, నలభై నిమిషాలు. అనువాదం పక్కన పెట్టుకుని, పిల్లలు పడుకున్నాక వినండి. ఆ శవం ముందు వాక్యం దగ్గర మాత్రం వాల్యూమ్ తగ్గించకండి. నేను మాత్రం అది విన్న ప్రతిసారీ, ఆ రిటైరైన పెద్దమనిషికి ఇప్పుడైనా ఫోన్ చేస్తే బావుణ్ణనుకుంటాను. నంబరు నా దగ్గర లేదు.